సీపాప్ యంత్రంలో పీడనం ఎక్కువైనప్పుడు: అలవాటు పడడంలోని అసలు చిక్కులు

నిద్రలో శ్వాస పదేపదే ఆగిపోయే స్లీప్ అప్నియాకు, మాస్క్ గుండా గాలిని పీడనంతో పంపి గొంతు దారిని తెరిచి ఉంచే సీపాప్ యంత్రం వాడాలని డాక్టరు రాసిచ్చిన కాగితంలో చాలామంది కళ్లు ముందుగా పడేది ఆ పీడనం ఎంతో చెప్పే ఒక అంకె మీద. అది 7 అనో 8 అనో ఉంటే పెద్దగా పట్టించుకోనివారు కూడా 15 అనో 17 అనో ఉంటే జంకుతారు. ఇళ్లలో వాడే సీపాప్ యంత్రాల పరిధి మామూలుగా 4 నుంచి 20 వరకే కాబట్టి, తమ జబ్బు చివరి మెట్టుకు చేరిందన్న భయం అప్పుడే మొదలవుతుంది. మొదటి రాత్రి మాస్క్ పెట్టుకోగానే ముఖం మీదికి దూసుకొచ్చే గాలి ఆ భయాన్ని రెట్టింపు చేస్తుంది. కొన్ని రాత్రుల తరువాత యంత్రం అలమారులోకి చేరుతుంది, ఇంట్లో గురక మళ్లీ మొదలవుతుంది. ఇలా వదిలేసినవారిని ఓపిక లేనివారని నిందించడం తేలిక, కానీ అది సరైన నిర్ధారణ కాదు. అధిక పీడనంతో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం పీడనం అంకెలో కంటే ఊపిరి వదిలే తీరులో, మాస్క్ అమరికలో, ముక్కు స్థితిలో, మొదటి రెండు వారాల్లో పట్టించుకునే మనిషి లేకపోవడంలో ఉంటుంది. ఇవన్నీ సరిచేయగలిగినవే.

ముందుగా ఆ అంకె ఏమి చెబుతుందో చూడాలి. దాని కొలమానం సెంటీమీటర్ల నీటి మట్టం. బకెట్ నీళ్లలో 15 సెంటీమీటర్ల లోతుకు ఒక సన్నటి గొట్టం ముంచి, దాని అడుగు నుంచి బుడగ బయటికి వచ్చేలా ఊదడానికి ఎంత పీడనం కావాలో అదే 15. మన చుట్టూ ఎప్పుడూ ఉండే వాతావరణ పీడనాన్ని ఇదే కొలమానంలో చెబితే దాదాపు 1,033 అవుతుంది. అంటే 15 దగ్గర యంత్రం అదనంగా కలిపేది ఒకటిన్నర శాతం లోపే, పరిధి చివరనున్న 20 దగ్గర కూడా రెండు శాతానికి చేరదు. ఊపిరితిత్తులు పగిలిపోతాయేమోనన్న భయానికి, మిగతా ఆరోగ్యం బాగున్న మనిషి విషయంలో, ఆధారం లేదు. ఊపిరితిత్తుల్లో పెద్ద గాలి బుడగలు ఏర్పడినవారు, గతంలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవారు, మెదడుకో చెవికో ముక్కుకో ఈమధ్యే ఆపరేషన్ అయినవారు మాత్రం ఆ సంగతి తప్పకుండా ముందే చెప్పాలి. వారి విషయంలో నిర్ణయం వేరుగా ఉండవచ్చు.

ఒకరికి 7 సరిపోయి మరొకరికి 16 ఎందుకు కావాలన్న ప్రశ్నకు జవాబు గొంతు నిర్మాణంలో ఉంది. ముక్కు వెనుక భాగం నుంచి స్వరపేటిక దాకా ఉన్న దారికి ఎముకల చట్రం లేదు. కండరాల బిగువే దాన్ని తెరిచి ఉంచుతుంది. నిద్రలో ఆ బిగువు సడలినప్పుడు, చుట్టూ ఉన్న కణజాలం బరువుకు దారి మూసుకుపోతుంది. ఏ పీడనం దగ్గర అది మూసుకుంటుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. ఆరోగ్యవంతుల్లో గొంతు మూసుకోవాలంటే లోపల పీడనం వాతావరణం కంటే బాగా కిందికి పడిపోవాలి, జబ్బు ఉన్నవారిలో మామూలు వాతావరణ పీడనం దగ్గరే, కొందరిలో అంతకంటే పైనే మూసుకుంటుంది. మెడ చుట్టూ కొవ్వు, చిన్న దవడ, పెద్ద నాలుక, ముక్కు దిబ్బడ, రాత్రి తాగిన మద్యం, ఇవన్నీ అవసరమైన పీడనాన్ని పెంచుతాయి. వెల్లకిలా పడుకున్నప్పుడు, కలలు వచ్చే రెమ్ నిద్రలో, అది ఇంకా పెరుగుతుంది. ఆస్పత్రిలో రాత్రంతా పరిశీలిస్తూ పీడనాన్ని నిర్ణయించే టైట్రేషన్ పరీక్షలో 4 దగ్గర మొదలుపెట్టి, శ్వాస అంతరాయాలు పోయేదాకా మెట్టుమెట్టుగా పెంచుతారు. వెల్లకిలా ఉండి రెమ్ నిద్రలో ఉన్నప్పుడు కూడా దారి తెరుచుకుని ఉండాలన్నది అక్కడి లక్ష్యం. అందువల్ల కాగితం మీది 16 అనే అంకె రాత్రిలో అతి కష్టమైన ఘడియలకు సరిపడేలా పెట్టినది. రాత్రంతా అంత అవసరం ఉందని దాని అర్థం కాదు. పైగా ఆ అంకె జబ్బు తీవ్రతకు కొలత కూడా కాదు. తీవ్రతను చెప్పేది గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగింది లేదా తగ్గింది అన్న ఏహెచ్‌ఐ లెక్క: 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. గంటకు 60 అంతరాయాలు ఉన్న మనిషికి 10 సరిపోవచ్చు, 25 ఉన్న మనిషికి 14 కావలసి రావచ్చు.

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోలిన్ సలివన్ బృందం 1980లో ఈ చికిత్సను తొలిసారి రోగిపై ప్రయోగించి, 1981లో లాన్సెట్ పత్రికలో ఐదుగురు రోగుల అనుభవాన్ని ప్రచురించినప్పుడు వాడిన పీడనం 4.5 నుంచి 10 మధ్య ఉంది. గాలితో గొంతును లోపలినుంచి నిలబెట్టడమన్న మూల సూత్రం నేటికీ మారలేదు. అప్పట్లో సమస్య గాలిని లోపలికి పంపడం, ఇప్పుడు మిగిలిన సమస్య ఆ గాలికి ఎదురుగా ఊపిరి వదలడం.

మామూలు శ్వాసలో శ్రమ అంతా పీల్చడంలోనే ఉంటుంది. పొట్టకూ ఛాతీకీ మధ్యనున్న ఉదరవితానం కిందికి దిగి గాలిని లాగుతుంది, వదలడం మాత్రం దానంతటదే జరిగిపోతుంది, సాగిన ఊపిరితిత్తులు తమ సాగుగుణంతో వెనక్కి వస్తాయి. సీపాప్ ఈ క్రమాన్ని తలకిందులు చేస్తుంది. పీల్చే గాలి అడగకుండానే వచ్చేస్తుంది, వదలడానికి మాత్రం ఎదురు నెట్టవలసి వస్తుంది. 6 దగ్గర దాదాపు తెలియని ఈ మార్పు 14 దగ్గర స్పష్టంగా తెలుస్తుంది. మెలకువగా ఉన్న మనిషి దానికి తెలియకుండానే పొట్ట కండరాలు బిగించి, గాలిని తోసివేయడానికి ప్రయత్నిస్తాడు. ఊపిరి పూర్తిగా వదలకముందే మళ్లీ పీలుస్తాడు, శ్వాస చిన్నదీ వేగవంతమైనదీ అవుతుంది. గాలి సమృద్ధిగా ఉన్నా ఊపిరాడడం లేదన్న భావన కలిగేది ఇక్కడే. మాస్క్ పీకి పారేయాలనిపించే ఆ క్షణంలో శరీరంలో ఆక్సిజన్ తగ్గలేదు, ఊపిరితిత్తులు మామూలు కంటే నిండుగా ఉన్నాయి అంతే. ఈ సంగతి ముందే తెలిసిన మనిషికీ తెలియని మనిషికీ మొదటి రాత్రి పూర్తిగా వేరుగా గడుస్తుంది. అందుకే యంత్రం ఇచ్చేటప్పుడు పది నిమిషాలు కూర్చోబెట్టి దీన్ని వివరించడం చికిత్సలో భాగమే కానీ మర్యాద కోసం చేసే పని కాదు.

ఈ అలవాటును నిద్రపోవలసిన వేళకు వదిలేయకుండా పగటిపూటే మొదలుపెట్టడం మేలు. మొదట యంత్రం లేకుండా మాస్క్‌ను చేత్తో ముఖానికి ఆనించి చూడడం, తరువాత పట్టీలు బిగించుకుని టీవీ చూస్తూనో పుస్తకం చదువుతూనో కూర్చోవడం, ఆపైన తక్కువ పీడనంతో యంత్రం వేసి, ప్రశాంతంగా ఉన్న కొద్దీ కొంచెం కొంచెంగా పెంచి, చివరికి పడుకుని అభ్యాసం చేయడం, ఇది మూసివున్న చోట భయపడేవారి కోసం మనస్తత్వ నిపుణులు రూపొందించిన పద్ధతే. అధిక పీడనం కావలసిన వారందరికీ ఇది పనికొస్తుంది. పీల్చేటప్పుడు ప్రత్యేక ప్రయత్నం మానేసి, వదిలేటప్పుడు తొందరపడకుండా పొట్టను మెల్లగా లోపలికి దిగనివ్వడం అభ్యాసంలో ముఖ్యమైన భాగం. నోరు మూసి ముక్కుతో శ్వాసించాలి. ముక్కును మాత్రమే కప్పే నాసికా మాస్క్ పెట్టుకుని నోరు తెరిస్తే గాలి ముక్కులోంచి నోట్లోకి దూకి ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. భయం తగ్గాక మాస్క్ తీయాలే తప్ప భయం పెరిగిన క్షణంలో తీయకూడదన్నది ఈ పద్ధతిలోని కీలకం. ఒకవేళ తీసినా మళ్లీ ప్రశాంతపడ్డాక ముందటి మెట్టు దగ్గరనుంచి కొనసాగించవచ్చు. మాస్క్ పెట్టగానే గుండెదడ వచ్చేంత భయం ఉన్నవారు ఒంటరిగా పోరాడకుండా మానసిక వైద్యుల సాయం తీసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

యంత్రంలోనే కొన్ని వెసులుబాట్లు ఉన్నాయి. వాటిలో ర్యాంప్ అందరికీ తెలిసినది: యంత్రం తక్కువ పీడనంతో మొదలై, నిర్ణీత సమయంలో పూర్తి స్థాయికి చేరుతుంది. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. 16 కావలసిన పెద్ద శరీరం గల మనిషికి ర్యాంప్‌ను 4 దగ్గర మొదలుపెడితే, ఆ మొదటి నిమిషాల్లో గాలి చాలడం లేదనిపిస్తుంది. మాస్క్ రంధ్రాల గుండా వదిలిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడానికి కూడా కొంత పీడనం కావాలి. అటువంటివారికి ర్యాంప్ 7 లేదా 8 దగ్గర మొదలైతేనే సుఖంగా ఉంటుంది. తక్కువ అంకె ఎప్పుడూ మృదువుగా ఉంటుందనుకోవడం సరికాదు.

రెండో వెసులుబాటు ఊపిరి వదిలేటప్పుడు పీడనం కొద్దిగా తగ్గించడం. కంపెనీని బట్టి దీని పేరు మారుతుంది, కొన్నింటిలో ఇది 1, 2, 3 అన్న స్థాయిల్లో ఉండి గరిష్ఠంగా 3 సెంటీమీటర్ల దాకా తగ్గిస్తుంది. ఎదురు నెట్టే శ్రమ ఇక్కడ కచ్చితంగా తగ్గుతుంది. అయితే గొంతు మూసుకోవడం చాలావరకు ఊపిరి వదలడం ముగిసే దశలోనే మొదలవుతుంది. 15 కావలసిన గొంతుకు ఆ క్షణంలో 12 మాత్రమే అందితే అంతరాయాలు తిరిగి రావచ్చు. కాబట్టి దీన్ని వాడడం మొదలుపెట్టాక యంత్రం చూపే ఏహెచ్‌ఐ పెరిగిందేమో చూసి, పెరిగితే డాక్టరు సలహాతో మూల పీడనాన్ని సర్దవలసి ఉంటుంది. వాడకం గంటలను ఈ సదుపాయం సగటున పెంచుతుందని పరిశోధనలు గట్టిగా తేల్చలేదు. అయినా ఫలానా మనిషికి సుఖంగా ఉంటే దాన్ని వాడకూడదనడానికి కారణం లేదు.

మూడోది ఆటో సీపాప్. ఇది గాలి ప్రవాహంలోని మార్పులను గమనిస్తూ, డాక్టరు పెట్టిన కనిష్ఠ, గరిష్ఠ హద్దుల మధ్య పీడనాన్ని తానే మారుస్తుంది. 16 అవసరమయ్యేది రాత్రిలో కొద్దిసేపే అయితే మిగతా సమయమంతా 10, 11 దగ్గర గడిచిపోతుంది. కానీ హద్దులను పెట్టెలోంచి వచ్చినట్టే 4 నుంచి 20 దాకా వదిలేస్తే, యంత్రం 4 దగ్గరినుంచి పరుగెత్తుకుంటూ పైకి వెళ్లేలోపే గొంతు మూసుకుపోతుంది, ఆ పెరుగుదలకు మనిషి లేచి కూర్చుంటాడు. కనిష్ఠ హద్దును అవసరానికి దగ్గరగా పెంచడమే ఇందుకు విరుగుడు, అది మొదట వినడానికి వింతగా ఉన్నా.

ఇవేవీ చాలనప్పుడు బైపాప్ ఉంది. పీల్చేటప్పుడు ఒక పీడనం, వదిలేటప్పుడు అంతకంటే కనీసం 4 తక్కువగా మరో పీడనం ఇచ్చే యంత్రమిది. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2008లో ఇచ్చిన టైట్రేషన్ మార్గదర్శకాల ప్రకారం, సీపాప్ పీడనాన్ని రోగి భరించలేకపోయినా, 15 దగ్గర కూడా అంతరాయాలు పోకపోయినా దీనికి మారవచ్చు. అందరికీ మొదటే బైపాప్ ఇవ్వవలసిన పని లేదు, ధరలో కూడా తేడా ఎక్కువ. ఊబకాయంతో పాటు పగటిపూట కూడా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునేవారి సంగతి వేరు. అక్కడ బైపాప్ అవసరం సుఖం కోసం కాక శ్వాసకు ఊతం కోసం వస్తుంది.

అధిక పీడనం ఇబ్బందుల్లో పెద్ద వాటా మాస్క్‌దే. ప్రతి మాస్క్‌లోనూ వదిలిన గాలి బయటికి పోవడానికి రంధ్రాలు కావాలనే పెడతారు. పీడనం 4 నుంచి 20కి పెరిగితే ఆ రంధ్రాల గుండా పోయే గాలి రెట్టింపు దాటుతుంది, శబ్దమూ పెరుగుతుంది, పక్కన పడుకున్నవారి మీదికి చల్లని గాలి తగులుతుంది. ఇది లోపం కాదు. అంచుల నుంచి కళ్లలోకో బుగ్గల మీదికో పోయే గాలి మాత్రం లోపమే. 8 దగ్గర చక్కగా కూర్చున్న మాస్క్ 16 దగ్గర లేచిపోవచ్చు, అందువల్ల షాపులో కుర్చీలో కూర్చుని యంత్రం వేయకుండా కొలత చూసుకున్న మాస్క్‌ను నమ్మడానికి లేదు. పడుకుని, రోజూ వాడే దిండు మీద తల పెట్టి, పూర్తి పీడనం ఆన్ చేసి, అటూ ఇటూ తిరిగి చూడాలి. చాలా యంత్రాల్లో ఇందుకోసమే మాస్క్ అమరిక పరీక్ష ఉంటుంది. లీక్ కనబడగానే పట్టీలు లాగి బిగించడం సహజంగా తోచే పని, ఫలితం మాత్రం తరచుగా వ్యతిరేకంగా ఉంటుంది. అంచునున్న మెత్తని సిలికాన్ పొర గాలికి ఉబ్బి చర్మానికి అంటుకోవాలి. గట్టిగా అణిచేస్తే అది ముడుచుకుపోయి లీక్ పెరుగుతుంది, ముక్కు దూలం మీద పుండు పడుతుంది. పట్టీలు వదులు చేసి, మాస్క్‌ను ముఖం నుంచి కొంచెం పైకి లాగి, గాలి నిండాక మళ్లీ కూర్చోనివ్వడం సరైన పద్ధతి.

మన ఇళ్లలో రాత్రి తలకు నూనె రాసుకోవడం, ముఖానికి క్రీమో వ్యాసెలినో పూసుకోవడం మామూలు. ఆ జిడ్డు సిలికాన్‌ను త్వరగా పాడు చేస్తుంది, మాస్క్ జారిపోతుంది. పడుకునే ముందు ముఖం సబ్బుతో కడుక్కుని తుడుచుకోవడం, ఉదయం మాస్క్ అంచును తేలికైన సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టడం చాలు. గడ్డం, మీసం ఒత్తుగా ఉన్నవారికి ముక్కు పుటాల్లో మాత్రమే ఆనే చిన్న దిండ్ల రకం అనువుగా ఉంటుంది, అయితే బాగా ఎక్కువ పీడనం దగ్గర ఆ గాలి ధార ముక్కులో మంట పుట్టించవచ్చు. కొన్ని మాస్కుల పట్టీలకు అయస్కాంతాలు ఉంటాయి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారు, మెదడులోనో కంటిలోనో లోహపు పరికరాలు అమర్చుకున్నవారు, అటువంటివారి పక్కన పడుకునేవారు అయస్కాంతం లేని మాస్క్ అడిగి తీసుకోవాలి.

ముక్కు, నోరు రెండింటినీ కప్పే పెద్ద మాస్క్ గురించి విడిగా చెప్పాలి. నోరు తెరిచి పడుకునే అలవాటుందని చెప్పగానే చాలాచోట్ల దీన్నే చేతిలో పెడతారు. కొందరికి అది తప్పదు. కానీ అది కింది దవడను వెనక్కి నెట్టి, నాలుకను గొంతు వైపు జరిపి, అవసరమైన పీడనాన్నే పెంచగలదు. నాసికా మాస్క్‌తో 11 చాలిన మనిషికి పెద్ద మాస్క్‌తో 14 కావలసి రావడంలో ఆశ్చర్యం లేదు. ఈ మాస్క్ వాడేవారిలో వాడకం గంటలు తక్కువగా ఉంటాయని, మిగిలిపోయే అంతరాయాలు ఎక్కువగా ఉంటాయని అధ్యయనాలు చూపాయి. 2019లో వచ్చిన అమెరికన్ మార్గదర్శకాలు కూడా వీలైనంతవరకు నాసికా మాస్క్‌నే సూచించాయి. టైట్రేషన్ ఒక రకం మాస్క్‌తో జరిగి ఇంట్లో మరో రకం వాడితే, కాగితం మీది అంకెకు అర్థం మారిపోతుందన్న సంగతి రోగికి ఎవరూ చెప్పరు. పీడనం ఎక్కువగా ఉందని బాధపడే ప్రతి ఒక్కరూ డాక్టరును ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే: ఈ అంకె ఏ మాస్క్‌తో తేలింది?

నోరు తెరిచి పడుకోవడానికి అసలు కారణం చాలాసార్లు ముక్కు దిబ్బడే. అలర్జీ, వంకర దూలం, ముక్కులో పెరిగిన కండ ఉంటే చెవి ముక్కు గొంతు నిపుణుల చేత చూపించుకుని, రోజూ వాడే స్టెరాయిడ్ స్ప్రేతోనో, అవసరమైతే ఆపరేషన్‌తోనో దారి సుగమం చేసుకుంటే పీడనం కూడా కొంత తగ్గవచ్చు. నోటి గుండా గాలి పోతున్నంతసేపూ ముక్కులో గాలి ఒకే దిశలో వీస్తుంది. బయటికి వచ్చే తడి ఊపిరి తిరిగి ముక్కును తాకదు, లోపలి పొర ఎండి, వాచి, ముక్కు ఇంకా మూసుకుపోతుంది. అప్పుడు నోరు ఇంకా తెరుచుకుంటుంది. ఈ వలయాన్ని తెంచేది గాలిని వేడిచేసి తడిపే హ్యుమిడిఫయర్. ఏసీ గదిలో ట్యూబు లోపల నీటి బొట్లు పేరుకుని గురగుర శబ్దం వస్తే ట్యూబును దుప్పటి కింద నుంచి తీసుకోవడమో, వేడి చేసే ట్యూబు వాడడమో చేయాలి. అందులో డిస్టిల్డ్ వాటర్ పోయడం ఉత్తమం. బోరు నీళ్లు పోస్తే తొట్టి అడుగున తెల్లటి పొర కడుతుంది.

పీడనం ఎక్కువైనకొద్దీ కొందరు గాలి మింగుతారు. ఉదయానికి కడుపు బిగుసుకుపోవడం, తేన్పులు, గ్యాస్, ఛాతీలో నొప్పిలాంటి పట్టు దీని లక్షణాలు. గొంతులోకి తోసిన గాలి అన్నవాహిక పైకవాటాన్ని దాటి కిందికి పోవడం వల్ల ఇలా జరుగుతుంది, ఎసిడిటీ ఉన్నవారిలో ఇది మరింత కనబడుతుంది. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటల వ్యవధి, మంచం తలవైపు ఎత్తు చేయడం, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం, ఊపిరి వదిలేటప్పుడు తగ్గే సదుపాయం, ఆటోకో బైపాప్‌కో మారడం, వీటిలో ఏదో ఒకటి చాలామందికి పని చేస్తుంది. ఛాతీలో కొత్తగా వచ్చిన నొప్పిని మాత్రం గాలి మింగడం వల్లేనని ఇంట్లోనే తేల్చుకోకూడదు. ముందు గుండె సంగతి చూపించుకోవాలి.

ఇబ్బంది తట్టుకోలేక సెట్టింగుల్లోకి వెళ్లి పీడనాన్ని తామే తగ్గించుకునేవారు ఉన్నారు. 15ను 9 చేస్తే హాయిగా నిద్రపట్టినట్టే ఉంటుంది, కానీ గొంతు సగం తెరుచుకుని సగం మూసుకుంటూ జబ్బు కొనసాగుతుంది, పైగా చికిత్స జరుగుతోందన్న తప్పుడు భరోసా మిగులుతుంది. బంధువు వాడి వదిలేసిన యంత్రాన్ని, అందులో ఆయన పీడనం అలాగే ఉండగా, మరొకరు వాడడం కూడా ఇటువంటిదే. ఇష్టం వచ్చినట్టు పెంచడంలోనూ ప్రమాదం ఉంది. కొద్దిమందిలో సీపాప్ మొదలుపెట్టాక కొత్త రకం అంతరాయాలు మొదలవుతాయి: గొంతు తెరిచే ఉంటుంది, మెదడు నుంచి శ్వాస తీసుకోమన్న ఆదేశమే రాదు. వీరిలో ఎక్కువమందికి వారాలు, నెలలు గడిచేకొద్దీ అవి వాటంతటవే తగ్గిపోతాయి. అవి కనిపించినప్పుడు పీడనం పెంచితే మేలు జరగదు సరికదా, ఎక్కువ కావచ్చు. గుండె బలహీనంగా ఉన్నవారి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. గుండె పంపింగ్ 45 శాతం లేదా అంతకంటే తక్కువగా ఉండి, ఈ మెదడు సంబంధిత అంతరాయాలే ప్రధానంగా ఉన్నవారికి ఏఎస్‌వీ అనే ప్రత్యేక యంత్రం వాడితే గుండె సంబంధిత మరణాలు పెరిగాయని 2015లో వెలువడిన సర్వ్ హెచ్‌ఎఫ్ అధ్యయనం చూపింది. యంత్రం రికార్డు చేసే వివరాల్లో గొంతు మూసుకున్న అంతరాయాలు, తెరిచివున్న అంతరాయాలు విడివిడిగా ఉంటాయి కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మెమరీ కార్డును, లేదా ఫోన్ యాప్‌లోని నివేదికను, తప్పక తీసుకెళ్లాలి.

ఎన్ని గంటలు వాడాలన్న ప్రశ్నకు 4 అన్న జవాబు బాగా ప్రచారంలో ఉంది. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ మొదటి 90 రోజుల్లో ఏదైనా వరుస 30 రోజుల వ్యవధిలో 70 శాతం రాత్రులు కనీసం 4 గంటలు వాడితేనే యంత్రం ఖర్చు భరించడం కొనసాగిస్తుంది. ఆ లెక్క అక్కడినుంచి అందరికీ పాకింది. అది బీమా హద్దు, వైద్య లక్ష్యం కాదు. 2007లో నిద్ర పరిశోధకురాలు టెర్రీ వీవర్ బృందం చూపినదాన్ని బట్టి, నిద్రమత్తు తగ్గిందన్న అనుభూతికి 4 గంటలు చాలవచ్చు, పరీక్షలో కొలిచే మత్తు మామూలు స్థాయికి రావడానికి 6 గంటలు, రోజువారీ పనులు చేసుకునే శక్తి తిరిగి రావడానికి ఏడున్నర గంటలు కావలసి వస్తుంది. పీడనం ఎక్కువ కావలసినవారికి ఇందులో మరో కోణం ఉంది. రెమ్ నిద్రలో ఎక్కువ భాగం తెల్లవారుజామున ఉంటుంది. అంతరాయాలు దీర్ఘంగా, ఆక్సిజన్ లోతుగా పడిపోయేలా వచ్చేది అప్పుడే. మూడు గంటలకు మెలకువ వచ్చి మాస్క్ తీసి పక్కన పెట్టినవారు రాత్రిలో అతి ప్రమాదకరమైన భాగాన్ని రక్షణ లేకుండా గడుపుతున్నారు. మళ్లీ పెట్టుకుని ర్యాంప్ బటన్ నొక్కితే యంత్రం తక్కువ పీడనం నుంచి మొదలవుతుంది. ఆ బటన్ ఉన్నదే అందుకు. గుండెజబ్బు లేదా పక్షవాతం ఉన్నవారిలో సీపాప్ కొత్త గుండెపోట్లను ఆపుతుందా అని 2,700 మందికి పైగా రోగులతో, భారతదేశంతో సహా ఏడు దేశాల్లో జరిగిన సేవ్ అధ్యయనం, 2016లో, ఆపినట్టు కనబడలేదని తేల్చింది. పగటి మత్తు, మానసిక స్థితి మెరుగయ్యాయి. అయితే అందులో సగటు వాడకం రాత్రికి 3.3 గంటలే అన్న సంగతిని ఆ ఫలితంతో కలిపి చదవాలి.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ చికిత్స తీసుకునేవారికి మరికొన్ని ఆచరణాత్మక సమస్యలు ఉన్నాయి. మొదటిది కరెంటు. సరఫరా పోగానే యంత్రం ఆగుతుంది. నాసికా మాస్క్ వాడేవారు నోటితో శ్వాసిస్తారు, పెద్ద మాస్కుల్లో బయటి గాలి తీసుకునే కవాటం తెరుచుకుంటుంది, కాబట్టి ఊపిరాడక ప్రాణం పోతుందన్న భయం అక్కర్లేదు, కానీ నిద్ర చెడుతుంది, జబ్బు తిరిగి వస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే పడకగది ప్లగ్‌ను దానికి కలపడం మొదటే చేయించవలసిన పని. బ్యాటరీ మీద నడిచేటప్పుడు హ్యుమిడిఫయర్ వేడిని ఆపేస్తే చాలా ఎక్కువసేపు వస్తుంది, ఎందుకంటే కరెంటు తాగేది ఫ్యాన్ కంటే ఆ వేడే. రెండోది ధూళి: వెనుకనున్న ఫిల్టర్ మూసుకుపోతే యంత్రం మరింత కష్టపడుతుంది, కాబట్టి వేసవిలో దాన్ని తరచుగా చూడాలి. మూడోది, అన్నిటికంటే పెద్దది, యంత్రం అమ్మినవారికీ రాసిచ్చిన డాక్టరుకూ మధ్య రోగి ఒంటరిగా మిగిలిపోవడం. పెట్టె తెచ్చి, ప్లగ్ పెట్టి, సంతకం తీసుకుని వెళ్లిపోవడంతో చాలాచోట్ల పని అయిపోయిందనుకుంటారు. వాడతారా మానేస్తారా అన్న ధోరణి మొదటి వారంలోనే ఏర్పడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మొదటి రోజుల్లో అవగాహన కల్పించడం, ఇబ్బందులు పరిష్కరించడం, దూరం నుంచి యంత్రం వివరాలు గమనించడం అవసరమని 2019 మార్గదర్శకాలు కూడా చెప్పాయి. కొనేముందే మూడో రోజు ఒక ఫోను, రెండో వారంలో ఒక సమీక్ష, మాస్క్ సరిపోకపోతే మార్చే వెసులుబాటు ఉన్నాయా అని అడగడం ధర బేరమాడడం కంటే ముఖ్యం.

ఇంట్లోవారి పాత్ర కూడా తక్కువది కాదు. మాస్క్‌తో ఉన్న మనిషిని చూసి ఐసీయూ గుర్తుకొచ్చి పిల్లలు భయపడతారు, పెద్దవాళ్లు ‘ఇంత చిన్న వయసులో ఈ యంత్రం ఏమిటమ్మా’ అంటారు. ఆడవాళ్లు ముఖ్యంగా, చుట్టాలింటికి వెళ్లినప్పుడు నలుగురిలో పెట్టుకోవడానికి సంకోచించి మానేస్తారు. ప్రయాణంలో వదిలేసిన ఒక్క రాత్రితోనే పాత లక్షణాలు తిరిగి తలెత్తుతాయి కాబట్టి, పెళ్లిళ్లకూ తీర్థయాత్రలకూ యంత్రం వెంట ఉండాలి. రైల్లో బెర్తు దగ్గర ప్లగ్ ఉందో లేదో ముందే చూసుకోవడం, విమానంలో దాన్ని చేతి సామానుగానే తీసుకెళ్లడం అవసరం.

పీడనం అంకె జీవితాంతం ఒకటే ఉండదు. బరువు పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గవచ్చు. ఊబకాయంతో పాటు మధ్యస్థ లేదా తీవ్ర స్లీప్ అప్నియా ఉన్న పెద్దవారికి టిర్జెపటైడ్ అనే ఇంజెక్షన్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 డిసెంబరులో ఆమోదించింది. ఈ జబ్బుకు ఆమోదం పొందిన మొదటి మందు అదే. బరువు గణనీయంగా తగ్గినవారికి పాత 16 ఇప్పుడు అనవసరంగా ఎక్కువై, లీకులు, కడుపు ఉబ్బరం కొత్తగా మొదలు కావచ్చు. వెల్లకిలా పడుకున్నప్పుడే అంతరాయాలు ఎక్కువయ్యేవారికి పక్కకు తిరిగి పడుకునే అలవాటు కూడా అవసరాన్ని తగ్గిస్తుంది. ఇటువంటి మార్పు వచ్చినప్పుడు పీడనాన్ని మళ్లీ పరీక్షించి సరిచేయించుకోవాలి. యంత్రం ఇక అక్కర్లేదని తేలవలసింది గురక వినబడడం లేదని ఇంట్లోవారు చెప్పిన మాట మీద కాదు, యంత్రం లేకుండా చేసిన మరో నిద్ర పరీక్ష మీద.